మిడతల పెట్టెలో ముందస్తు పరిష్కారం

మా పురపాలక సంఘంలో నికరంగా పనిచేసే వస్తువు ఒక్కటే ఉండేది. అది మా ఆవిడది. అదక్కడికి ఎందుకు వెళ్లిందో, వెళ్లింది తిరిగి రావడానికి ఎన్ని తిప్పలు పడిందో చెప్పుకుంటే గాని నా కడుపుబ్బరం తీరేలా లేదు.

నా పేరు వీరరాఘవులు. పార్కుల సెక్షన్లో జూనియర్ అసిస్టెంటుని. మా ఊళ్లో ఉన్నది ఒక్క పార్కే. అందులో విరిగిపోయిన జారుడుబల్ల పక్కన, రేకుల షెడ్డు కింద, బీరువా అంత ఎత్తున ఒక వీడియో గేమ్ పెట్టె ఉంది. ముందు టీవీ తెర, దాని కింద ఒక పిడి, రెండు ఎర్ర బొత్తాలు, రూపాయి బిళ్ల వేసే చిల్లు. బిళ్ల వేస్తే తెర మీద మిడతల్లాంటివి బారులు తీరి పైనుంచి దిగేవి. కింద తుపాకీ బండిని అటూ ఇటూ తిప్పుతూ వాటిని కాల్చాలి. అందుకే ఊరంతా దాన్ని మిడతల పెట్టె అనేవాళ్లు. పన్నెండేళ్ల కిందట ఒక వానాకాలం దాని లోపలి బోర్డు కాలిపోయింది. అప్పట్నుంచీ తోటమాలి అందులో తన అన్నం క్యారేజీ పెట్టుకుంటున్నాడు. మా ఆస్తుల్లో అంతకంటే ఉపయోగపడుతున్నది మరొకటి లేదు.

అలాంటి రోజుల్లో పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. ‘పాతకు ప్రాణం’ పక్షోత్సవాలట. ప్రతి మునిసిపాలిటీ మూలపడ్డ వస్తువునొకదాన్ని బతికించి, శుక్రవారం సాయంత్రంలోగా ఫోటో పంపాలి. కమిషనర్ త్రిలోచనరావు గారు అత్యవసర సమావేశం పెట్టారు. రోడ్డు రోలరు సంగతి చూద్దామంటే దాని కింద కుక్క ఈనింది. దోమల పొగ మిషను తీద్దామంటే అందులో దోమలు కాపురం పెట్టాయి. ఇక మిగిలింది మిడతల పెట్టె.

“కాలగర్భంలో కలిసిపోతున్న వినోద వారసత్వాన్ని నవ్య సాంకేతికతతో అనుసంధానించడం మనందరి గురుతర బాధ్యత” అన్నారు కమిషనర్ గారు. ‘మనందరి’ అన్న మాట దగ్గర ఆయన నావైపు చూశారు.

టీవీ మెకానిక్ మస్తాన్‌ని తీసుకొచ్చాను. అతను పెట్టె వెనక తలుపు తీసి, తల లోపల దూర్చి, పది నిమిషాల తర్వాత బయటికొచ్చాడు.

“బోర్డు బూడిదైపోయింది రాఘవులన్నా. అలాంటి బోర్డులు ఇప్పుడు ఎక్కడ ఎతికినా దొరకవ్. పిక్చర్ ట్యూబు మాత్రం బంగారం. దాన్ని అట్టాగే ఉంచి, లోపల మామూలు ఇంటి కంప్యూటర్ ఒకటి పెట్టేద్దాం. ఎంత పాతదైనా పర్లేదు. ఈ ఆట దాంట్లో ఎక్కిస్తే సరిపోద్ది.”

ఆఫీసులో పదకొండు కంప్యూటర్లున్నాయి. వాటిలో పనిచేసేవి నాలుగు. ఆ నాలుగూ ఎవరెవరి టేబుళ్ల మీద ఉన్నాయో వాళ్లెవరూ లేవరు. అప్పుడు మేనేజరు ఆదిశేషయ్య గారికి జ్ఞానోదయమైంది.

“ఏవయ్యా రాఘవులూ, మీ ఇంట్లో ఒకటుందటగా? రెండ్రోజులకి పట్టుకురా. శుక్రవారం ఫోటో తియ్యంగానే పట్టుకుపోదువుగాని.”

మా ఇంట్లో ఉన్న కంప్యూటరు నాది కాదు, నాంచారిది. మాది నేతగాళ్ల ఊరు. నాంచారి చీరల అంచులకి బొమ్మలు గీస్తుంది. తెరంతా గళ్లు గళ్లుగా ఉంటుంది. ఒక్కో గడీ ఒక్కో పోగన్నమాట. ఏ గడి నింపాలో, ఏది వదలాలో చూసుకుంటూ వేలకొద్దీ గళ్లు ఆవిడ కళ్లు చికిలించుకుని నింపుతుంది. ఆ బొమ్మని బట్టి అట్టలకి చిల్లులు కొట్టి మగ్గం మీద ఎక్కిస్తే, చీరకి అంచు దిగుతుంది. అప్పుడు ఆవిడ చేతిలో ఉన్నది కొంగా రొయ్యా అంచు. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ, దాని ముక్కుకి బెత్తెడు దూరంలో మీసాలు విప్పిన రొయ్య, మళ్లీ కొంగ, మళ్లీ రొయ్య. పూర్తిగా ఆవిడ సొంత ఊహ. నేత పని చేయించే ఆసామి బసవయ్య నాలుగు మగ్గాల మీద పడుగు ఎక్కించుకుని ఆ బొమ్మ కోసం కూర్చున్నాడు. నెలాఖరులోగా ఇవ్వకపోతే ఆ పెళ్లి చీరల ఆర్డరు పక్క ఊరికి పోతుంది. నాలుగిళ్లలో పొయ్యి దాని మీదే వెలగాలి.

“మీ ఆఫీసుకెళ్లిన వస్తువు ఏదన్నా తిరిగొచ్చిందా ఇప్పటిదాకా?” అంది నాంచారి.

“మేనేజరు గారు మాటిచ్చారే.”

“మాట మీకిచ్చారు. కంప్యూటరు నాది.”

అయినా ఇచ్చింది. మొగుడి మొహం చూసి ఇచ్చింది. ఆ మొహం నాది కాబట్టి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మస్తాన్ పనితనం చూడాల్సిందే. మాడిన బోర్డు, తోటమాలి క్యారేజీ రెండూ బయటికి తీశాడు. లోపల ఒక చెక్క బిగించి కంప్యూటరు పెట్టెని దాని మీద నిలబెట్టాడు. పాత కీబోర్డు ఒకటి పగలగొట్టి, అందులో అరచెయ్యంత పచ్చబిళ్ల ఉంటే దాన్ని ఊడదీసి, పిడి నుంచి వచ్చే తీగల్నీ బొత్తాల తీగల్నీ దానికి అతికాడు. పిడి ఎడమకి తిప్పితే ఎడమ బాణం మీట నొక్కినట్టు. రూపాయి చిల్లులోంచి దిగితే అయిదో నెంబరు మీట నొక్కినట్టు.

“కంప్యూటర్‌కి ఇయన్నీ తెలవ్వన్నా. ఎవరో కీబోర్డు కొడతన్నారులే అనుకుంటది” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “పిడి కిందకి లాగి రెండు బొత్తాలూ ఒకేసారి నొక్కితే ఆట మూసుకుపోయి వదిన బొమ్మల తెర వచ్చిద్ది. వదినకి చెప్పు” అన్నాడు.

శుక్రవారం కమిషనర్ గారు రూపాయి వేశారు. పన్నెండేళ్ల తర్వాత మిడతలు మళ్లీ దిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో వెళ్లింది. నేను సంచీ, తాడు పట్టుకుని పెట్టె వెనక్కి వెళ్లేసరికి, స్టోర్సు గుమాస్తా నాంచారి కంప్యూటరు మీద తెల్ల రంగుతో నెంబరు వేసి ఆరబెడుతున్నాడు.

మేనేజరు గారి దగ్గరికి పరిగెత్తాను.

“పార్కు ఆవరణలో ఉన్న ప్రతి వస్తువుకీ నెంబరుండాలి. వేశాం. నెంబరున్న ప్రతి వస్తువూ సంస్థదే. నిబంధన” అన్నారాయన.

“అది మా ఆవిడదండీ. మీరే అడిగారు.”

“నేనడిగినట్టు కాగితం ఉందా? ఆవిడదని బిల్లుందా? లేదుగదా. పోనీ కండెమ్ చేద్దామంటే పనికిరాదని తేలాలి. అది శుభ్రంగా పనిచేస్తోందాయె. పనితీరు పదో వంతుకి పడిపోయినట్టు జిల్లా లెక్కల్లో కనపడాలి. అప్పుడైతే నేనే సంతకం పెట్టి గేటు బయట పారేయిస్తా.”

“కనీసం ఆ బొమ్మనైనా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంటానండీ.”

ఆదిశేషయ్య గారు కళ్లద్దాలు తీసి నన్ను దొంగని చూసినట్టు చూశారు. “ప్రభుత్వ కంప్యూటర్లో పెన్‌డ్రైవా? ఉద్యోగం చెయ్యాలనుందా లేదా?”

ఇంటికెళ్లి చెప్పాను. నాంచారి వెళ్లి, కంప్యూటరు ఉండే గూట్లో దుమ్ము తుడిచి, ఆ ఖాళీ వైపే చూస్తూ కూర్చుంది. అంతకంటే నాలుగు తిట్లు తిట్టినా హాయిగా ఉండేది.

అక్కడితో ఆగినా బాగుండేది. నెంబరు పడ్డ ప్రతి కంప్యూటరూ ‘పౌర సేవా కేంద్రం’గా జిల్లా పట్టికలో ఎక్కాలని ఇంకో నిబంధన ఉందట. మిడతల పెట్టె ఎక్కింది. కేంద్రం ఇన్‌చార్జి నేనట. రోజూ సాయంత్రం అయిదింటికి నా ఫోనులో జిల్లా పట్టిక తెరిచి, ‘నేడు పరిష్కరించిన అర్జీలు’ అన్న గడిలో అంకె వెయ్యాలి.

“అక్కడ అర్జీలెవరిస్తారండీ, సున్నా వేస్తాను” అన్నాను.

“సున్నా వేస్తే సంజాయిషీ అడుగుతారు. ఖాళీ వదిలేస్తే ఇద్దర్ని అడుగుతారు, నిన్నూ నన్నూ. తెర మీద ఏ అంకె ఉంటే ఆ అంకె వేసెయ్” అన్నారు మేనేజరు గారు.

తెర మీద ఉన్నది ఎవరో కాలేజీ కుర్రాడు మిడతల్ని కొట్టి వదిలేసిన స్కోరు. పద్నాలుగు వేల రెండొందల యాభై. నేను నిజాయితీపరుణ్ణి, ఒక్క అంకె కూడా మార్చకుండా ఎక్కించాను.

సోమవారం వీడియో సమీక్షలో జిల్లా పెద్దాయన తెర మీద ప్రత్యక్షమయ్యారు. “ఒకే రోజు, ఒకే కేంద్రం, పద్నాలుగు వేల పైచిలుకు! మిగతా కమిషనర్లు సిగ్గుపడాలి. త్రిలోచనరావు గారూ, మీ ఊళ్లో మొత్తం వచ్చిన అర్జీలే మూడొందల పన్నెండు కదా, ఇదెలా సాధ్యపడింది?”

మా కమిషనర్ గారు ఒక్క క్షణమే తడబడ్డారు. ఆ ఒక్క క్షణంలోనే ఆయన పెద్ద పదవులకి తగిన మనిషని నాకర్థమైంది.

“అర్జీ వచ్చాక పరిష్కరించడం పాత పద్ధతి సార్. మేం ముందస్తు పరిష్కార విధానాన్ని ప్రవేశపెట్టాం. సమస్య ప్రజల మనస్సులో అంకురించకముందే దానిని తుదముట్టిస్తున్నాం.”

“అద్భుతం. వచ్చే వారానికి పది శాతం పెంచండి.”

ఆ రోజు నుంచీ ఆఫీసు మొత్తం పార్కుకి మారింది. పన్నుల గుమాస్తా కుడిచెయ్యి వాటం చూసి అతన్ని పొద్దుటి షిఫ్టులో వేశారు. ప్లానింగు సెక్షన్ సుందరి గారికి గురి బాగుందని మధ్యాహ్నం షిఫ్టు ఇచ్చారు. సెలవులు రద్దు. పుట్టిన తేదీ పత్రం కోసం వచ్చినవాళ్లని గేటు దగ్గరే ఆపి, “సిబ్బంది అర్జీల పరిష్కారంలో తలమునకలై ఉన్నారు, తర్వాత రండి” అని పంపేసేవాళ్లు. కుళాయిలు ఎండిపోయాయి, కాలవలు పొంగాయి. మా అంకె మాత్రం నలభై వేలు దాటి లక్ష వైపు పరిగెత్తింది.

అంకె ఒక్కటే చాలదు, శాఖల వారీగా విడదీసి పంపమన్నారు. మిడతల్లో మూడు రంగులున్నాయి. నీలం మిడతలు మంచినీళ్ల సమస్యలని, పసుపువి వీధి దీపాలని, ఎర్రవి పారిశుద్ధ్యమని కమిటీ వేసి తీర్మానించారు. ఎర్ర మిడతకి యాభై పాయింట్లు, నీలం మిడతకి పదే. నీళ్ల విభాగం ఏఈ గారు, తన సర్వీసు సీనియారిటీకి ఇది అవమానమని, నీలం మిడత రేటు పెంచాలని ధర్నాకి దిగారు. మస్తాన్‌ని పిలిచి అడిగితే, “నేను రంగులెయ్యలేదు సార్, ఆట తయారుచేసినోడేశాడు” అన్నాడు. ఆ తయారుచేసినవాడికి నోటీసు పంపడానికి చిరునామా కోసం ఇప్పటికీ వెతుకుతున్నారు.

ఆపైన ఆడిటు వాళ్లొచ్చారు. ఒక్కో ఆటకి ఆడేవాడికి మూడు ప్రాణాలుంటాయి. ఆడిటు అభ్యంతరం ఇలా నడిచింది: ‘సర్వీసు నిబంధనల ప్రకారం ఉద్యోగికి ఒక్క ప్రాణమే మంజూరై ఉండగా, అదనపు ప్రాణాలు రెండు ఎవరి ఉత్తర్వుల మేరకు వినియోగించిరి? పన్నుల గుమాస్తా విధి నిర్వహణలో రోజుకు సగటున నలభై పర్యాయాలు మరణించుచున్నాడు. మరణించిన ప్రతిసారీ అతని వారసులకు కారుణ్య నియామకం వర్తించునా?’ ఈ చివరి ప్రశ్న విని ఊళ్లో ఉన్న అతని బామ్మర్దులు ముగ్గురూ డిగ్రీ సర్టిఫికెట్లతో పార్కులో వచ్చి కూర్చున్నారు. బావ చచ్చినప్పుడల్లా లేచి నిలబడేవాళ్లు.

నెలాఖరు ముంచుకొచ్చింది. బసవయ్య ఇంటికొచ్చాడు. “అమ్మా, పడుగు ఎక్కించి పద్దెనిమిది రోజులైంది. మనుషులు మగ్గం గుంటల్లో ఊరికే కూకుంటన్నారు. ఇంక నావల్ల కాదమ్మా” అన్నాడు. కోపంగా అనలేదు, కళ్లు దించుకుని అన్నాడు.

సోమవారం అర్జీల రోజు. నాంచారి తెల్లకాగితం మీద తన కంప్యూటరు తనకి ఇప్పించి తన పని సాగనివ్వవలసిందని రాసి, చేతికిచ్చి రశీదు తీసుకుంది. ఆదిశేషయ్య గారు ఆ కాగితాన్ని గౌరవంగా పార్కుకి పంపారు. సుందరి గారు దాన్ని మిడతల పెట్టె మీద ఉంచి, పైన బరువు పెట్టి, ఒక ఎర్ర మిడతని కాల్చారు. పావుగంటలో నాంచారి ఫోను మోగింది. ‘మీ అర్జీ సంతృప్తికరంగా పరిష్కరించబడినది. మాకు రేటింగు ఇవ్వండి.’

నాంచారి ఆ మెసేజీని రెండుసార్లు చదివింది.

“ఏవండీ, నిజంగానే నా కంప్యూటర్లో మిడతల్ని కాలుస్తున్నారా అందరూ?”

“పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా.”

“ఆ బొత్తాలు ఎలా నొక్కాలని చెప్పాడు మస్తాను?”

చెప్పాను. చెప్పేటప్పుడు నాకేమీ అనుమానం రాలేదు, అంత అమాయకుణ్ణి.

మర్నాడు పదింటికి నాంచారి పార్కుకొచ్చింది. వెనకాల బసవయ్య, నాలుగు మగ్గాల మనుషులు, వాళ్ల ఆడవాళ్లు. పన్నుల గుమాస్తా ముప్ఫై ఒకటో చావు చస్తున్నాడు. “జరుగు నాయనా” అని అతన్ని పక్కకి తప్పించి, పిడి కిందకి లాగి, రెండు బొత్తాలూ కలిపి నొక్కింది. మిడతలన్నీ మాయమైపోయాయి. ఆ ముసలి పిక్చర్ ట్యూబు మీద గళ్లు గళ్లుగా కొంగ లేచి నిలబడింది. దాని ఎదుట మీసాల్లేని రొయ్య.

నాంచారి పిడి తిప్పుతూ ఒక్కో గడికీ వెళ్లి, బొత్తం నొక్కి నింపడం మొదలుపెట్టింది. ఎడమకి రెండు, పైకి ఒకటి, నొక్కు. వేళ్లు నొప్పెట్టినప్పుడల్లా ఆగి, చేతులు విదిలించుకుని మళ్లీ పట్టుకునేది. ఆడవాళ్లు చుట్టూ దడి కట్టారు. ఎవరో మజ్జిగ తెచ్చారు. “ఏయ్, ప్రభుత్వ విధులకి ఆటంకం!” అని మేనేజరు గారు దూరం నుంచి కేకేశారు. బసవయ్య భార్య, “ఆవిడ అర్జీ పరిష్కారమైందని మీరేగా మెసేజ్ పెట్టారయ్యా! పరిష్కారం చేసుకుంటంది, ఉండు” అంది. మేనేజరు గారు నిబంధనల పుస్తకం కోసం ఆఫీసుకి పరిగెత్తారు.

ఖర్మ కాలి అదే పూట, మా ముందస్తు విధానం నేర్చుకుందామని ఆరు మునిసిపాలిటీల నుంచి బృందం వచ్చింది. కమిషనర్ గారు వాళ్లని వెంటబెట్టుకుని పెట్టె దగ్గరికొచ్చారు. తెర మీద రొయ్యని చూసి ఆయన బృందం వైపు తిరిగారు.

“ఇది రెండో దశ” అన్నారు. “సమస్యల నిర్మూలన ముగిసింది. ప్రస్తుతం సంతృప్తికి రూపకల్పన జరుగుతోంది.”

ఆరుగురూ రొయ్యని ఫోటో తీసుకున్నారు. ఒకాయన నన్ను పక్కకి పిలిచి, “మాది మెట్ట ప్రాంతమండీ, రొయ్యలుండవు. చేపతో సరిపెట్టుకోవచ్చా?” అని అడిగాడు.

నాలుగున్నరకి రొయ్యకి చివరి మీసం మొలిచింది. బసవయ్య తెర దగ్గరకొచ్చి, గళ్లు లెక్కపెట్టుకుని, తన ఫోనుతో ఒక్కో వరసా ఫోటో తీసుకున్నాడు. అట్టలు కొట్టడానికి అది చాలు. మగ్గాల మనుషులు వెళ్లిపోతూ నాంచారికి దణ్ణం పెట్టారు. ఆవిడ షెడ్డు మెట్టు మీద కూలబడి, బొబ్బలెక్కిన బొటనవేలు ఊదుకుంటోంది.

అయిదయింది. ఆదిశేషయ్య గారు ఫోన్ చేశారు. “ఇవాళ టార్గెట్టు లక్షా అయిదు వేలు. ఆట ఎట్టాగూ ఆగింది కాబట్టి, నువ్వే ఆ అంకె వేసి పంపించు.”

ఫోన్ పెట్టేసి కూర్చున్నాను. నిజం చెప్తున్నా, నాకు భయం వేసింది. ఇరవై రెండేళ్ల సర్వీసు, ఇంకా రావాల్సిన ఇంక్రిమెంట్లు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఫోనులోనే ఆ గడి తెరిచి ఒకటి, సున్నా, అయిదు కొట్టాను.

నాంచారి నా భుజం మీదుగా చూసింది. “ఇవాళ ఇక్కడ ఎన్ని పనులయ్యాయండీ?”

“ఒకటి.”

ఆవిడ మళ్లీ బొటనవేలు ఊదుకుంది. ఆ బొబ్బలు సరిగ్గా నా కళ్లకి ఎదురుగా ఉన్నాయి. సున్నా, అయిదూ చెరిపేశాను. ఒకటి మిగిలింది. పంపేశాను. చెమటతో చొక్కా వీపుకంటుకుపోయింది గాని, అన్నేళ్లలో మొదటిసారి ఆఫీసు పని చేసినట్టనిపించింది.

మర్నాడు పొద్దున్నకి జిల్లా పట్టికలో మా కేంద్రం అట్టడుగున ఉంది. పనితీరు పదో వంతు కాదు, లక్షో వంతుకి పడిపోయింది. ఆదిశేషయ్య గారు ఆ యంత్రం పనికిరానిదని సంతకం పెట్టి, కంప్యూటరుని గేటు బయట పారేయించారు. అక్కడ మస్తాన్ సైకిలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పదింటికల్లా అది నాంచారి గూట్లో ఉంది. ఆ సరికే బసవయ్య మగ్గాలు ఆడుతున్నాయి.

వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. వేలకి వేలు వేసినన్నాళ్లూ ఎవరూ పల్లెత్తు మాట అనలేదు గాని, ఒకటి వేసినందుకు ముగ్గురధికారులు వచ్చి మూడు రోజులు విచారణ జరిపారు. నాంచారిని అడిగారు, బసవయ్యని అడిగారు, అంచు దిగిన చీర మడత విప్పి రొయ్యని చేత్తో తడిమి చూశారు. ఆఖరికి ఇలా తేల్చారు:

‘పై తేదీన మీ కేంద్రంలో ఒక (1) అర్జీ వాస్తవంగా పరిష్కారమైనట్టు విచారణలో రుజువైనది. ఇట్టి చర్య జిల్లా సగటును తీవ్రంగా దెబ్బతీసినది. ఇకముందు ఇటువంటిది పునరావృతం కాదని మూడు రోజులలోగా లిఖితపూర్వకంగా హామీ ఇవ్వవలెను.’

ఆ పూటే రాసిచ్చేశాను. ఆ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా ఉన్నవాణ్ణి. అంత ధీమాగా నేను ఏ కాగితం మీదా ఎప్పుడూ సంతకం పెట్టలేదు.